నొక్కడానికో బటను

ఖరిదా పేటలో ఆ సందుకి తెల్లారేది రైల్వే వర్క్‌షాపు సైరనుతో. సైరను ఆగిన పావుగంటకల్లా నూకయ్య ఇంటి అరుగు మీద ఎవరో ఒకరు ఫోను చేత్తో పట్టుకుని కూర్చుని ఉంటారు. ఆ ఆదివారం పొద్దున్న పక్కింటి బెంగాలీ ఆవిడ, సందంతా వదినగారన్నట్టు బౌది అని పిలిచే రాధారాణి కూర్చుంది. గ్యాసు బండ బుక్ చెయ్యాలి. ఫోనుకి ఓటీపీ వస్తుంది, వచ్చిన ముప్ఫై సెకన్లలో ఆ అంకెలు కొట్టాలి. ఆవిడకి డెబ్భై దాటాయి. కళ్ళజోడు వెతుక్కుని, తుడుచుకుని, ముక్కు మీద పెట్టుకునేసరికే ఆ ముప్ఫై సెకన్లూ అయిపోతాయి. ఎవడండీ ఆ ముప్ఫై పెట్టినవాడు? వాడింట్లో ముసలివాళ్ళు లేరా?

"నూకయ్య దాదా, టర్బో కాస్త తియ్యవా," అంది బౌది వచ్చీరాని తెలుగులో.

"తీస్తాను బౌదీ. కూకో, తొందరేటి? ఒలే చిట్టీ, తాళంసెవి!"

చిట్టెమ్మ వంటింట్లోంచి వచ్చి, నడుముకి దోపుకున్న గుత్తిలోంచి గొట్టంలా గుండ్రంగా ఉండే చిన్న తాళంచెవి వేరుచేసి మొగుడికిచ్చింది. నూకయ్య ముందుగదిలో ఉన్న పాత కంప్యూటరు పెట్టె దగ్గర వంగి, తాళం తిప్పి, టర్బో అని రాసి ఉన్న బటను నొక్కాడు. ఠక్. లోపలికి అణిగి ఉన్న బటను బయటికి తోసుకొచ్చింది. దాని పక్కనే ఎర్రగా వెలుగుతున్న అరవై ఆరు అంకె ముప్ఫై మూడయింది.

సందు మొత్తం నెమ్మదించింది. పంకా రెక్కలు మూడూ వేరువేరుగా కనపడేలా తిరిగాయి. ఎదురింటి మిక్సీ అరవడం మాని గొణిగింది. టీవీలో వార్తలు చదివే అమ్మాయి మాటకీ మాటకీ మధ్య ఊపిరి తీసుకుంది. సందు మొదట్లో కొండలరావు నడిపే బ్యాటరీ రిక్షా, టోటో, చీమలా పాకుతూ వచ్చింది. మనుషులు మాత్రం ఎప్పటిలానే ఉన్నారు. అది మనుషుల మీద పనిచెయ్యదు. యంత్రమన్నది ఏదైనా సరే, కేకేస్తే వినపడేంత మేర, మనిషి కంటికీ వేలికీ అందేట్టు నడుస్తుంది, అంతే. అంకె సగానికి తగ్గినట్టు చూపిస్తుంది గానీ అసలు ఎంతకి తగ్గేదో ఎవరూ లెక్క కట్టలేదు. బౌది తాపీగా ఓటీపీ కొట్టి, చిట్టెమ్మ ఇచ్చిన టీ తాగి, ఇంకా పదకొండు సెకన్లు మిగిలాయని మురిసిపోయింది.

ఆ సందులో గోడ గడియారాలన్నీ ఎప్పుడూ వెనకే ఉంటాయి. ఎవరూ వాటిని నమ్మరు, సైరను వింటారు. ఓసారి టర్బో తీసి ఉండగా తుఫానొచ్చి రెండ్రోజులు కరెంటు పోయింది. పెట్టె ఏ స్థితిలో ఆగితే చుట్టుపక్కలన్నీ ఆ స్థితిలోనే ఉండిపోతాయి. ఆ రెండ్రోజులూ టార్చి నొక్కితే వెలుగు గోడదాకా చేరడానికి కాసేపు పట్టేది. జనం విసుక్కున్నారు గానీ, కరెంటు వాళ్ళని తిట్టారు, పెట్టెని ఎవరూ ఏమీ అనలేదు.

నూకయ్య వర్క్‌షాపులో ముప్ఫై ఏడేళ్ళు ఎలక్ట్రికల్ ఫిట్టరుగా చేసి రిటైరై దిగాడు. దిగిన ఏడే మలంచా రోడ్డులో కంప్యూటరు క్లాసులు చెప్పే ఇన్‌స్టిట్యూటు ఒకటి మూసేస్తుంటే, పాతసామాన్లకి పోతున్న ఈ పెట్టెని అడిగి తెచ్చుకున్నాడు. అప్పటికే దాని తెలుపు మాగిన అరటిపండు రంగుకి తిరిగింది. దాని ముందు కూర్చుంటే ఆయనకి పొద్దు తెలిసేది కాదు. పక్కన బొటనవేలంత ఎర్ర స్విచ్చి, వేస్తే ధడేల్మని ఇంటిల్లిపాదికీ తెలిసేది. ఫ్లాపీ పెట్టే చోట చిన్న మీట, తిప్పితే గొళ్ళెం పడినట్టు పడేది. మానిటరు గడ్డం కింద రెండు చక్రాలు, ఒకటి వెలుగుకి, ఒకటి నలుపుకి, చూడకుండానే వేలికి దొరికేవి. కీబోర్డు అక్షరాలు మెట్లుమెట్లుగా ఉండి, నొక్కినప్పుడల్లా విన్నానని బదులు చెప్పేవి. రీసెట్ బటను ఒక్కటి మాత్రం చిన్న గుంటలో లోతుగా ఉండేది. పెన్ను మొన పెడితే తప్ప అందదు.

"అది ఎందుకలగ దాసిపెట్టినాడో తెలుసునా?" అని ఇంటికొచ్చిన ప్రతివాడికీ చెప్పేవాడు నూకయ్య. "ఎవుడి మోకాలో తగిలి ఎవుడి పనో తుడుసుకుపోకూడదని. దీన్ని సేసినోడికి వేళ్ళున్నాయి బాబూ. పక్కోడి వేళ్ళ గురించి కూడా ఆలోసించినాడు."

సందులో పిల్లలు పోతూ వస్తూ టర్బో నొక్కేస్తున్నారని, దాని వైరు తీసుకెళ్ళి తాళంలో కలిపింది కూడా ఆయనే. తాళం వేస్తే ఎవడు నొక్కినా బటను లోపలికీ బయటికీ ఆడుతుంది గానీ అంకె మారదు. తాళంచెవి చిట్టెమ్మ నడుముకి.

ఆ ఆదివారం టర్బో ఇంకా తీసే ఉంది. నూకయ్య కూతురు మీనాకుమారి అరుగు మీద తల దువ్వుకుంటోంది. ఆమె ఊరి చివర బ్రేకు బ్లాకులు పోతపోసే ఒక ఫ్యాక్టరీలో ఇసక అచ్చులు కడుతుంది. ఇసక పిడికిట్లో పట్టి నొక్కి, తడి ఎక్కువో తక్కువో చెప్పేస్తుంది. ఆమె కట్టిన అచ్చు విరగదని మేస్త్రీయే అంటాడు. తొమ్మిదేళ్ళ పది నెలలు అయింది. ఇంకో రెండు నెలలు ఆగితే పదేళ్ళు నిండుతాయి, పర్మనెంటు చేస్తారు. ఆ రెండు నెలల కోసం ఇల్లంతా క్యాలెండరు చూస్తోంది.

ఫోనుకి మెసేజీ వచ్చింది. మామూలప్పుడైతే పక్కకి తోసేసేదే. టర్బో తీసి ఉండడంతో ఒక్కో అక్షరమూ నింపాదిగా దిగింది, చదవక తప్పలేదు. ఫ్యాక్టరీ నుంచి. మీనాకుమారి వరుసగా ఇరవై రెండు పనిదినాలు గైర్హాజరు. ఇరవై నాలుగు నిండితే పేరు తొలగించబడును. తిరిగి చేరినచో సర్వీసు మొదటి రోజు నుంచి లెక్కించబడును.

"నాన్నా, ఇదేటి? నాను రోజూ ఎల్తన్నాను కదా?" అంది మీనాకుమారి. దువ్వెన జుట్టులోనే ఉండిపోయింది.

"పొరపాటై ఉంతాది. రేపెల్లి అడుగు," అన్నాడు నూకయ్య. అన్నాడే గానీ, తర్వాత రెండుసార్లు ఆ మెసేజీ ఇమ్మని అడిగి చదివాడు.

సోమవారం సాయంత్రం ఆమె తిరిగొచ్చేసరికి చిట్టెమ్మ టీ కాచి పెట్టింది. మీనాకుమారి గ్లాసు ముట్టుకోలేదు. మొహం ఎర్రగా కందిపోయి ఉంది.

"మేనేజరు బాబు దగ్గరికెల్లినాను. ఇదిగో నాను నీ ముందే నిలబడున్నాను కదా బాబూ అన్నాను. సిస్టం మే నహీ హై, సిస్టంలో నువ్వు నేవు అన్నాడు. తలెత్తనేదు నాన్నా! కంప్యూటరు సూసుకుంటూనే అన్నాడు. మేస్త్రీ రాసిన కాగితం సూపించినాను, ఈ నెల్లో ఎన్ని అచ్చులు కట్టినానో. అవి ఎవరైనా కట్టొచ్చు అన్నాడు. నా సేతులు సూపించినాను. సేతులు సిస్టంలో ఎక్కవు అన్నాడు."

"ఆడి సిస్టం తగలెయ్య!" అంది చిట్టెమ్మ.

"పదేళ్ళుగా నీ గేటు దాటతన్నాను, నా పేరైనా తెలుసునా బాబూ అన్నాను. ఎంప్లాయీ నంబరు చెప్పమన్నాడు."

తొమ్మిదేళ్ళ పది నెలలు! నలభై రెండు డిగ్రీల ఎండలో కొలిమి పక్కన వంగిన నడుము అది. జ్వరమొచ్చినా మానలేదు, మేనమామ పోతే ఒక్క పూట సెలవు పెట్టింది. ఆ మనిషిని లేవు పొమ్మన్నాడు, కుర్చీలోంచి లేవకుండా. నూకయ్యకి చెవులు వేడెక్కిపోయాయి. గట్టిగా అరవడం ఆయనకి చేతకాదు, కోపమొస్తే ప్రశ్నలు వేస్తాడు.

"గేటు కాడ హాజరేసే మిషను ఎలగుంతాది? దానికి బటను ఎక్కడ?"

"బటను నేదు. గోడకి అతికించిన అద్దం పలక. మొకం సూపిస్తే ధన్యవాద్ అంతాది. నెల్లాళ్ళయింది పెట్టి."

"బటను నేదా? ఒక్కటీ నేదా? మరి తప్పు సేస్తే దానికెలగ సెప్తారు?"

"సెప్పడానికేటీ నేదు."

"స్విచ్చీ?"

"నేదు నాన్నా."

"స్విచ్చి నేని యంత్రాన్ని గేటు కాడ పెట్టినారా!" నూకయ్య లేచి నిలబడ్డాడు. "ఆపడానికి నేదు, అడగడానికి నేదు. రాజుగారేటి అది? సరే, ధన్యవాద్ అన్నాక ఏటి సూపిస్తాది?"

"ఏదో మెరుస్తాది. రెప్ప కొట్టేలోగా పోద్ది. ఎనక లైనుంతాది కదా, నెట్టీస్తారు."

నూకయ్య ముందుగదిలోకి చూశాడు. అరవై ఆరు ఎర్రగా వెలుగుతోంది.

"అయితే ఆ మెరిసిందాన్ని నిలబెట్టాల," అన్నాడు.

మంగళవారం ఇరవై నాలుగో రోజు. పొద్దున్నే కొండలరావు టోటో తెచ్చాడు. పెట్టెని టర్బో నొక్కి ఉండగానే ఆపి, చిట్టెమ్మ పాత నేతచీరలో చుట్టి వెనక సీటు మీద పెట్టారు. దాని పక్కన చిట్టెమ్మ, తాళాల గుత్తితో సహా. ఎదురు సీటులో తండ్రీ కూతుళ్ళు.

"బాబాయ్, నాకు బేగి పనుంది గానీ, నాను కూడా ఉంతానులే," అన్నాడు కొండలరావు పూరీ గేట్ పేట దాటుతూ. "నిరుడు నా బండి ఎక్కడ మూలుగుతుందో తెలీక సస్తంటే నువ్వే టర్బో తీసి కనిపెట్టినావు. మరిసిపోతానేటి?"

ఫ్యాక్టరీ గేటుకి ఎదురుగా దోర్కా టీ కొట్టు. పెట్టెని ఆవిడ బెంచీ మీద దింపి, కొట్టులో ప్లగ్గు అడిగారు. దోర్కా ఏమిటని అడగలేదు. కెటిల్ తీగ పీకి పెట్టె తీగ పెట్టింది.

"మీనాకి హాజరు పడతం నేదంట కదా," అంది. "నిన్న ఏడుసుకుంటా పోయింది. నాకు ఒళ్ళు మండిపోయింది అన్నా. పొద్దున్న ఏడున్నరకి నా కొట్టు ముందు నుంచి ఎల్తాది, నాను సూస్తాను కదా. నన్నడగరేటి?"

నిజమే, ఆవిణ్ణి ఎందుకడగరు? రోజూ చూసే మనుషులు గేటు నిండా ఉన్నారు. గేటు కాపలా జగ్గారావు పూరీ గేట్ పేట వాడే, మీనాకుమారి గౌనుల్లో తిరిగినప్పట్నుంచీ ఎరుగును. అతన్నీ అడగలేదు. చూసిన మనిషి సాక్ష్యం చెల్లదు, చూడడం రాని అద్దానిది చెల్లుతుంది. ఇదెక్కడి చోద్యమో మీరే చెప్పండి.

ఏడున్నరకి షిఫ్టు జనం లైను కట్టారు. నూటయాభై మంది పైనే. మీనాకుమారి ముందు నిలబడింది. నూకయ్య ఎర్ర స్విచ్చి వేశాడు. ధడేల్మంది. లైన్లో వాళ్ళంతా తలలు తిప్పి చూశారు. పెట్టెలో పంకా తిరిగి, అరవై ఆరు వెలిగాక టర్బో నొక్కాడు. ఠక్. ముప్ఫై మూడు.

గేటు లోపలికి తిరుగుతున్న లారీ చక్రాలు ఒక్కో నట్టూ లెక్కపెట్టుకునేట్టు తిరిగాయి. షెడ్డులో క్రేను ఇనప తొట్టిని మోసుకుంటూ పురుటాలిలా కదిలింది. కొలిమికి గాలి కొట్టే బ్లోయరు హోరు తగ్గి, ఎక్కడో కాకులు అరవడం వినిపించింది.

మీనాకుమారి అద్దానికి ముఖం చూపించింది.

రోజూ రెప్పపాటులో మెరిసి మాయమయ్యేది ఈసారి పైనుంచి కిందికి గీత గీతగా దిగింది. ముందు పాపిట. పాపిట పక్కన వేపాకు రెమ్మ. తర్వాత నుదురు, నుదుటి మీద రూపాయి బిళ్ళంత బొట్టు. ఆ నుదురు పచ్చగా ఉంది. బుగ్గలు పచ్చగా ఉన్నాయి. గడ్డం దాకా నిండా పసుపు.

"ఓలమ్మా!" అంది చిట్టెమ్మ. "ఇది మాత పూజ నాటి మొకం!"

జగ్గారావు నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నాడు. "అవునొదినా! ఈ అద్దంలో పెట్టడానికి ఫోటోలు తీసింది ఆ రోజే. ఖరిదాలో మాతకి ఘటం ఎత్తుకుని, అటునుంచటే డ్యూటీకొచ్చీసింది. నీల్లతో కడుక్కోనీరా అంటే, ఫోటోలోడు తొందర, తొందర అని నిలబెట్టీసినాడు. నా కళ్ళముందే కదా!"

పసుపు ముఖం కింద ఇంగ్లీషు అక్షరాలు ఒక్కొక్కటే దిగాయి. లైన్లో చదువుకున్న కుర్రవాడొకడు పైకి చదివాడు. సరిపోలలేదు. గైర్హాజరు. ఆ తర్వాత అద్దం నోరు తెరిచి, ధ... న్య... వా... ద్ అని సాగదీసింది.

"నేవని రాసుకుని దండాలెందుకే నీకు!" అంది దోర్కా. లైనంతా గొల్లుమంది. మీనాకుమారి మాత్రం నవ్వలేదు. ఇరవై నాలుగు రోజులు ఆ ధన్యవాదానికి తను తలూపి లోపలికి వెళ్ళింది.

మేనేజరు పరుగున వచ్చాడు. ముప్ఫై ఏళ్ళుంటాయేమో, మెళ్ళో నీలం పట్టీకి కార్డు వేలాడుతోంది. క్రేను ఎందుకు పాకుతోందని గానీ, బ్లోయరు ఎలా నెమ్మదించిందని గానీ అడగలేదు.

"పర్మిషన్ ఎవరిచ్చారు?" అన్నాడు హిందీలో.

నూకయ్య అద్దం వైపు చూపించాడు. ముఖం ఇంకా అక్కడే ఉంది. మేనేజరు చూశాడు, మీనాకుమారిని చూడలేదు.

"అయితే తప్పు వర్కరుదే. సరైన ముఖంతో రావాల్సింది. ఫోటో మార్చాలంటే కలకత్తా హెడ్డాఫీసుకి రాయాలి. పది రోజులు పడుతుంది."

"బాబూ, ఇయ్యాలతో ఇరవై నాలుగు నిండిపోతాయి," అన్నాడు నూకయ్య.

"రూల్ రూలే." అతను కాసేపు ఆలోచించాడు. ఆలోచించి, చాలా తెలివైన మాట అంటున్నవాడిలా మొహం పెట్టాడు. "అందులో కష్టం ఏముంది? ఆ పసుపు ఏదో రాసుకుని రమ్మనండి. మిషను ఒప్పుకుంటుంది. రోజూ అలాగే వస్తే సరి. ప్రాబ్లం ఖతం."

ఖతమట! దోర్కా చెయ్యి అలవాటుగా పోపులపెట్టె మీదికి పోయి, ఆగిపోయింది. చిట్టెమ్మ కూతురి వైపు చూసింది. ఒక్క చిటికెడు పసుపు. రాసుకుంటే హాజరు పడుతుంది, ఇరవై నాలుగు తెగిపోతుంది, తొమ్మిదేళ్ళూ నిలుస్తాయి. చిట్టెమ్మ నోటి దాకా వచ్చింది, రాసీసుకోవే అని. అనలేదు.

మీనాకుమారి అద్దం ముందు నుంచి మేనేజరు ముందుకి వచ్చింది.

"పసుపు మాతకి రాసుకున్నాను బాబూ. మా అమ్మ మొక్కు. దీనికి రాసుకోను."

"చూడమ్మా, చిన్న విషయం..."

"మీకు సిన్నదే. ఇది నా మొకం. కడుక్కున్నా నాదే, మసి పట్టినా నాదే. కొలిమి కాడ పదేళ్ళు మాడింది ఇదే. దీన్ని గుర్తుపట్టలేని అద్దానికి నాను వేసం కట్టాలేటి? మార్చాల్సింది నాను కాదు. రాసుకోను. ఉద్యోగం పోతే పోనీండి."

 రెండు నెలలు, కేవలం రెండు నెలలు. నూకయ్యకి తెలుసు ఆమె ఏం వదులుకుంటోందో. ఆయన పెట్టె వైపు తిరిగాడు. గర్వమో కోపమో తెలుసుకునే తీరిక లేదు.

"చిట్టీ," అన్నాడు. "తాళం ఎయ్యి."

చిట్టెమ్మ తాళంచెవి తిప్పి, గుత్తి నడుముకి దోపుకుని, బెంచీ మీద పెట్టె పక్కన బాసింపట్టు వేసుకు కూర్చుంది. ముప్ఫై మూడు అలాగే వెలుగుతోంది.

లైన్లో రెండో మనిషి ముఖం చూపించాడు. అతని బొమ్మ పాపిట దగ్గర మొదలై ముక్కు దాకా రావడానికే బీడీ కాల్చుకునేంత సేపు పట్టింది. ఇంకా నూటయాభై మంది ఉన్నారు. లారీ గేటులో అడ్డంగా ఉంది, ముందుకీ రాదు వెనక్కీ పోదు. లోపల కొలిమి మేస్త్రీ బ్లోయరు ఆడక కొలిమి చల్లారుతోందని గగ్గోలు పెడుతున్నాడు.

"నొక్కు అది!" అని మేనేజరు జగ్గారావు మీద అరిచాడు.

జగ్గారావు వచ్చి నొక్కాడు. నిజంగానే నొక్కాడు, ఉద్యోగం కదా. బటను లోపలికి పోయింది, బయటికొచ్చింది. అంకె మారలేదు.

"తాళమేసి ఉంది సార్," అన్నాడు సంతోషం దాచుకుంటూ.

"తీగ పీకెయ్!"

"పీకండి బాబూ," అన్నాడు నూకయ్య శాంతంగా. "పీకితే ఎక్కడివక్కడ ఇలగే ఉండిపోతాయి. తుఫానప్పుడు మా సందులో రెండ్రోజులున్నాయి. నాకేటి, నాను రిటైరయిపోయినాను."

మేనేజరు ఫోను తీసి కలకత్తాకి కొట్టాడు. ఒక రింగు వినపడింది. రెండోది వినపడేసరికి దోర్కా అయిదుగురికి టీ పోసేసింది. సందేశం పంపుదామని చూస్తే అక్షరాలు ఒక్కోటీ ఆవులించుకుంటూ వస్తున్నాయి. జీవితంలో మొట్టమొదటిసారి అతను ఎవర్నీ అడక్కుండా ఏదైనా చెయ్యాల్సి వచ్చింది. పాపం చెమట పట్టింది. పాపమేమిటి, పట్టాల్సిందే.

"మీకేం కావాలి?" అన్నాడు చివరికి.

నూకయ్య పెట్టె దగ్గరికి పిలిచాడు. గుంటలో ఉన్న చిన్న బటను మీద వేలు పెట్టి చూపించాడు.

"ఇది సూసినారా? రీసెట్టు. నొక్కితే సేసినదంతా పోద్ది. అందుకని ఎవుడికీ అందకుండా గోతిలో పెట్టినాడు ఆ మహానుభావుడు. పెన్ను మొన పెట్టి, ఆలోసించి నొక్కాల. మీరు నా కూతురి పదేళ్ళు తుడిసీడానికి బటనైనా నొక్కక్కర్నేదు. మీ అంతట మీరు కూకునుంటే సాలు, అదే పోద్ది. ఇది నాయమేటి బాబూ? నాకేటీ వొద్దు. సూసి రాయండి. కళ్ళతో సూసి, సేత్తో రాయండి. రాస్తే తాళం తీస్తాం."

రిజిస్టరు లేదు. మూలపడేసి నెల్లాళ్ళయింది. జగ్గారావు తన గదిలోంచి వచ్చేపోయేవాళ్ళ పేర్లు రాసే పొడుగాటి పుస్తకం తెచ్చి, కొత్త పేజీ తిప్పాడు. మేనేజరు జేబులు తడుముకున్నాడు. ఇంత ఫ్యాక్టరీకి మేనేజరు, జేబులో పెన్ను లేదు. అదీ జగ్గారావే ఇచ్చాడు.

మేనేజరు దోర్కా బెంచీ చివర కూర్చున్నాడు. పుస్తకం మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు. పెన్ను పట్టుకుని ఆగాడు.

"పేరు?" అన్నాడు.

"తలెత్తి అడగండి బాబూ," అంది చిట్టెమ్మ.

అతను తలెత్తాడు. మీనాకుమారి ఎదురుగా నిలబడి ఉంది. కుడి కనుబొమ మీద పోత చిట్లి పడిన పాత మచ్చ. గోళ్ళ సందుల్లో ఎంత రుద్దినా పోని నల్ల ఇసక. ఎన్నాళ్ళుగానో అతని కిటికీ ముందు నుంచే నడుస్తున్న మనిషి. అతను కాసేపు చూశాడు. ఎవరో తెలిసినవాళ్ళని గుర్తు తెచ్చుకుంటున్నట్టుంది అతని ముఖం.

"మీ పేరేమిటండీ?" అన్నాడు మళ్ళీ.

"మీనాకుమారి. అచ్చుల షెడ్డు. తొమ్మిదేళ్ళ పది నెలలు."

అతను రాశాడు. ఈ ఇరవై నాలుగు రోజులూ పనిలో ఉన్నదనీ, కళ్ళతో చూసిన జగ్గారావూ దోర్కా సాక్షులనీ రాసి, తేదీ వేసి సంతకం పెట్టాడు. సంతకం మొదటిసారి వంకరపోతే కొట్టేసి మళ్ళీ పెట్టాడు. చేత్తో రాసి ఎన్నాళ్ళయిందో. జగ్గారావు వేలిముద్ర కాదు, చక్కగా పొడుగు సంతకమే చేశాడు. దోర్కా కూడా చేసింది.

"మావీ రాయండి!" అన్నారు లైన్లోంచి ఎవరో. "మాకేటి పడుతుందో ఎవుడికి తెలుసు?"

ఆ పొద్దున్న నూటయాభై పేర్లు రాశాడతను. తొమ్మిదిన్నర దాటింది. మధ్యలో దోర్కా టీ ఇస్తే తాగాడు. ఎనభయ్యో మనిషి దగ్గరికి వచ్చేసరికి పేరు అడిగేటప్పుడు తల దానంతటదే లేస్తోంది.

అన్నీ అయ్యాక చిట్టెమ్మ తాళం తీసింది. నూకయ్య పక్కకి జరిగి చోటిచ్చాడు.

"మీరే నొక్కండి బాబూ."

మేనేజరు నొక్కాడు. ఠక్. అరవై ఆరు వెలిగింది. లారీ ఒక్క ఊపున లోపలికి దూకింది, బ్లోయరు హోరెత్తింది, జేబులో ఫోను ఆగకుండా మోగింది. అతను ఫోను తియ్యలేదు. తన వేలి వంక చూసుకున్నాడు. మళ్ళీ ఓసారి నొక్కి, ముప్ఫై మూడు రాగానే మళ్ళీ నొక్కి, అరవై ఆరు చేసి, ఎవరైనా చూశారేమోనని చుట్టూ చూశాడు. నూకయ్య చూశాడు గానీ చూడనట్టు ఊరుకున్నాడు.

"బాగుంది," అన్నాడు మేనేజరు చిన్నగా.

"బాగుంతాది," అన్నాడు నూకయ్య. "తాళాల దొరసాని గారూ, ఇంక సద్దుదాం," అని పెళ్ళాన్ని వేళాకోళమాడాడు, కోపం దిగినట్టుంది. చిట్టెమ్మ ఏ దొరసాని, నడువు మావా అని కసురుకుని పెట్టెకి చీర చుట్టింది.

కలకత్తా నుంచి ఫోటో మార్చే ఉత్తర్వు నలభై రోజులకి వచ్చింది, పది కాదు. ఆ లోగా జగ్గారావు పుస్తకం గేటు దగ్గర ఉండిపోయింది. వచ్చాక కూడా తియ్యమని ఎవరూ అనలేదు. అద్దం మాత్రం అక్కడే ఉంది, అందరికీ ధన్యవాద్ చెబుతూనే ఉంది. రెండు నెలలు నిండిన మర్నాడు మీనాకుమారికి పర్మనెంటు కాగితం ఇచ్చారు. ఆమె దాన్ని ఇంటికి తెచ్చి, కంప్యూటరు పెట్టె మీద పెట్టింది.

ఇప్పటికీ పొద్దున్న ఏడున్నరకి ఆమె గేటు దగ్గర ఆగుతుంది. జగ్గారావు పుస్తకం తెరిచి, పెన్ను సర్దుకుని, ఎన్నడూ చూడని మనిషిని అడిగినట్టు అడుగుతాడు.

"పేరు సెప్పమ్మీ."

ఆమె రోడ్డవతల దోర్కా కొట్టు దాకా వినపడేట్టు చెబుతుంది.